మనవలతో ఊట మడుగులో ఈదాలని నా కోరిక, కోడలు అడ్డుపడుతోంది

కోనసీమలో గోదావరి పాయ వైనతేయ గట్టున ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. కుదించి ఇస్తున్నాను. ఆయన పేరూ ఊరూ ఎలాగూ రాయను. ఆయన చెప్పిన ఊట పేరు, దాని పక్కనున్న గూడెం పేరు కూడా తీసేశాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆయనకు 64 ఏళ్ళు. 1986లో మొదటి ఉద్యోగం రంపచోడవరం ఏజెన్సీలోని ఒక చిన్న బడిలో. అక్కడ మూడేళ్ళు ఉన్నారు. బడి వెనక కొండవాలులో ఒక ఊట, దాని కింద బండల మధ్య ఒక మడుగు. ఆదివారాలన్నీ ఆ మడుగులోనే గడిచేవట. "కోనసీమలో పుట్టినవాడికి అడుగు కనిపించే నీళ్ళంటే ఏమిటో అక్కడే తెలిసింది" అని రాశారు. బదిలీ అయి కిందికి వచ్చాక మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు.

కొడుకు కుటుంబం బెంగళూరులో ఉంటుంది. మనవరాలికి పన్నెండేళ్ళు, ఈత కొలనులో శిక్షణ తీసుకుంది, పోటీలకు కూడా వెళుతుంది. మనవడికి ఎనిమిదేళ్ళు, నీళ్ళంటే ఇష్టమే గానీ ఈత రాదు. డిసెంబరు సెలవులకు వాళ్ళు వస్తున్నారు. కాకినాడ నుంచి కూతురు, అల్లుడు, వాళ్ళ పాప కలుస్తారు. మొత్తం తొమ్మిది మంది. రెండు రాత్రులు ఆ మడుగు ఒడ్డునే టెంట్లు వేసుకుని ఉండాలి, పగలు ఈత, రాత్రి నెగడు చుట్టూ కబుర్లు. ఇదీ మాస్టారి పథకం. ఎవరినీ అడగకుండా మూడు టెంట్లు కొనేశారు కూడా.

ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు కోడలు ఒక ప్రశ్న వేసింది. "మావయ్యగారూ, అక్కడ పిల్లల్లో ఎవరైనా మునిగితే మీరు తీయగలరా?" పోయిన ఏడాదే ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఆయన మారుమాట లేకుండా ఫోను భార్య చేతిలో పెట్టేశారు. అప్పటినుంచి కోడలితో మాటల్లేవు. కొడుకు తల్లికి ఫోను చేసి "నాన్నకు నువ్వే సర్దిచెప్పు" అంటున్నాడు. ఆవిడేమో "ముందు పెరటి మెట్లు జాగ్రత్తగా దిగండి, కొండ సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు. అల్లుడు ఒక్కడే ఉత్సాహంగా ఉన్నాడు, తన "ఏర్పాట్లు" తాను తెచ్చుకుంటానన్నాడు.

"వైనతేయను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినవాణ్ణి. మా రేవులో మునిగిపోతున్న ఇద్దరు పిల్లల్ని జుట్టు పట్టుకుని లాగినవాణ్ణి. నన్ను అలా అడగొచ్చా? ఆమె రాకపోతే రాకపోనీ, కొడుకునూ పిల్లల్నీ తీసుకుని నేను వెళ్ళిపోతే తప్పా? లేక అసలు ఈ ఆలోచనే మానుకోవాలా?" ఇదీ ఆయన ప్రశ్న.

మాస్టారూ,

ఊట గురించి మీరు రాసిన మొదటి మూడు పేజీలు చదివితే నాకూ బయలుదేరాలనిపించింది. మిగతా ఐదు పేజీలూ కోడలి మాట ఎంత గుచ్చుకుందో చెప్పడానికే సరిపోయాయి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఒక్క వాక్యంలోనూ లేదు. మీ బడిలో ఎవరైనా ఇలా రాస్తే ఎన్ని మార్కులు వేసేవారు?

జవాబు నేను చెబుతాను. తీయలేరు. మీరే కాదు, మీ అబ్బాయీ తీయలేడు, పోటీల్లో ఈదే మీ మనవరాలు అసలే తీయలేదు. మునుగుతున్న మనిషి చేతికి దొరికినదాన్ని పట్టుకుని పైకి ఎక్కాలని చూస్తాడు. కాపాడబోయినవాడి మెడే అతనికి ముందు దొరుకుతుంది. ఒకరి కోసం ఒకరు దిగి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో ఎన్ని చదివారో మీకే తెలుసు. రేవులో ఆ రోజు మీరు ఇద్దరు పిల్లల్ని లాగారంటే మీ ధైర్యానికి దండం పెడతాను. అయితే అది మీకు పుట్టినప్పటినుంచీ తెలిసిన రేవు, అప్పుడు మీకు పాతికేళ్ళు, మెట్లు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి.

ఇంకో మాట. మునిగేవాళ్ళు సినిమాల్లోలా అరవరు. నోరు నీటి మట్టానికి కిందా పైనా ఆడుతుంటే ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక కేకలు ఎక్కడివి? చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి, పైకెత్తి ఊపడం కుదరదు. పది అడుగుల దూరంలో కూర్చుని పకోడీలు తింటున్న వాళ్ళకు పిల్లవాడు ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి ఎవరు తీస్తారన్న ప్రశ్నకు విలువ ఏమిటంటే, అది అడగగానే మునగకుండా ఏం చేయాలన్న ఆలోచన మొదలవుతుంది. మీ కోడలు ఆ పని చేసింది. ఈత పోటీలకు పిల్లను తీసుకెళ్ళే తల్లి కదా, కొలను ఒడ్డున కాపలా మనిషి ఎందుకు కూర్చుంటాడో ఆమె చూసే ఉంటుంది.

ఆమె "మీకు వయసైపోయింది" అనలేదు. మీకు అలా వినిపించింది. ఎందుకు వినిపించిందో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఏడాదిగా ఆవకాయ వద్దు, ఉప్పు వద్దు, సైకిలు వద్దు, కొబ్బరి దింపు దగ్గరికి వెళ్ళొద్దు అని ఇంటిల్లిపాదీ చెబుతుంటే వింటున్నారు. మీదంటూ మిగిలింది ఈత ఒక్కటే. దాని మీద కూడా ఎవరో చెయ్యి వేసినట్టు అనిపించింది. ఆ బాధ నిజమైనదే, నేను కాదనను. దాని బరువంతా తెచ్చి ఒక తల్లి అడిగిన ప్రశ్న మీద పెట్టకండి, అంతే.

ఇక నీళ్ళ సంగతి. మన డెల్టా వాళ్ళకు నీటి దగ్గర ఒక ధీమా ఉంటుంది. రెండు ఎండు కొబ్బరికాయలు తాడుతో కట్టి పిల్లవాణ్ణి కాలువలోకి తోస్తే కొన్నాళ్ళకు వాడే ఈదేవాడు, నిజమే. అదే గోదావరి నీళ్ళలో 2025 మే నెలలో ముమ్మిడివరం ప్రాంతంలో స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు ఒక్క రోజునే పోయారు. ఇది మన గుమ్మం ముందు నీళ్ళ కథ. మీరు వెళ్ళాలనుకుంటున్నది ఇంకో రకం నీళ్ళ దగ్గరికి.

కాలువ నీళ్ళు మడ్డిగా ఉంటాయి. అడుగు కనిపించదు కాబట్టి కాలు జాగ్రత్తగా వేస్తాం, మెట్టు మెట్టుగా దిగుతాం. ఊట మడుగులో అడుగు కనిపిస్తుంది, మీరు మురిసిపోయింది దానికే. మోసమూ అక్కడే ఉంది. కాంతి వంగడం వల్ల నాలుగడుగుల లోతు పైనుంచి చూస్తే మూడడుగులే అనిపిస్తుంది. మీరు బడిలో సైన్సు చెప్పారో తెలుగు చెప్పారో రాయలేదు గానీ, ఈ పాఠం మీకు కొత్త కాదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆ తేడా రొమ్ము లోతుకూ తలమునకకూ మధ్య తేడా. మనవరాలిది వేరే ప్రమాదం. లోతు అంకెలు గోడ మీద రాసి ఉండే కొలనులో తల ముందుకు పెట్టి దూకడం ఆమెకు అలవాటు. బండల మధ్య మడుగులో అలా దూకితే మెడ ఎముక మీదికి వస్తుంది. ఇవి కాక ఒడ్డు బండల మీద పాచి ఉంటుంది. కొండల్లో కాళ్ళు విరిగేది నీటిలో కన్నా నీటిలోకి దిగే దగ్గర.

ఊట తనంతట తాను పొంగదు. కొండ మీద పడిన వాన మెత్తబడిన పైపొరల్లోకీ రాతి పగుళ్ళలోకీ ఇంకి, లోపల గట్టి రాయి తగిలినచోట పక్కకు తిరిగి, వాలులోంచి నెమ్మదిగా బయటికి వస్తుంది. అందుకే ఎండాకాలంలోనూ సన్నగా పారుతుంది, వాన పడగానే ఉరకదు. కానీ మీరే ఒకచోట "వానాకాలంలో మడుగులోకి ఎర్రనీళ్ళు వచ్చేవి" అని రాశారు. అంటే మీ మడుగులో ఊటతోపాటు పైనుంచి వాగు కూడా పడుతోంది. వాగు సంగతి వేరు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో దిగిన వైద్య విద్యార్థుల మీదికి ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది, ముగ్గురు చనిపోయారు. పైన కొండల్లో పడే వాన కింద నీటిలో ఉన్నవాళ్ళకు కనిపించదు. డిసెంబరులో వానలేమిటి అంటారా? 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను తీరం దాటింది మీకు దగ్గరలోని కాట్రేనికోన వైపే కదా. 2023లో డిసెంబరు మొదటి వారంలోనే మిచౌంగ్ వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందన్న వార్త వింటే ఆ వారం అడవి మాటే ఎత్తకూడదు. మామూలు రోజుల్లో కూడా వాగు పక్కన ఎండిన ఇసుక మెత్తగా, చదునుగా ఉంది కదా అని అక్కడ టెంటు వేయకండి. ఆ ఇసుకను అక్కడికి తెచ్చింది వాగే.

అసలు ఆ ఊట ఇప్పుడు ఎవరిదో ఆలోచించారా? ఏజెన్సీలో చాలా గూడేలకు కొండ ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, పైపు వేసి, మోటారు అవసరం లేకుండా వాలు మీదే కుళాయిలకు నీళ్ళు తెస్తున్నారు. మీ ఊట కూడా అలా అయి ఉంటే, దాంట్లో తొమ్మిది మంది సబ్బులతో షాంపూలతో దిగడమంటే ఒక ఊరి కడవలో కాళ్ళు కడుక్కోవడమే. నీటి పక్కన నాలుగు రాళ్ళకు పసుపు కుంకుమ పెట్టి ఉన్నాయంటే అది వాళ్ళ దేవత చోటు. అక్కడ ఈత మాట ఎత్తవచ్చో లేదో గూడెం పెద్దలే చెప్పాలి. 1986లో మీరు అక్కడ పంతులుగారు. కొండరెడ్ల ఇళ్ళలో పిల్లలకు అక్షరాలు దిద్దించినవారు. ఆ మడుగులో మీరు ఈదుతుంటే ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇప్పుడు రెండు కార్లలో టెంట్లతో దిగేవాళ్ళను వాళ్ళు పర్యాటకులనే అనుకుంటారు, అందులో తప్పు కూడా లేదు. ఊట పేరు నేను తీసేసింది కూడా ఇందుకే. ఒక వీడియో ఫోన్లలో తిరిగితే చాలు, వచ్చే ఆదివారానికి ఆ బండల మీద సీసాలూ ప్లాస్టిక్ పళ్ళేలూ తేలతాయి. మీ పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి, ముఖ్యంగా అల్లుడికి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు వెళ్ళినట్టు అడవిలోకి వెళ్ళి రాత్రి ఉండిపోలేం. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్ళడం, అక్కడ నిప్పు పెట్టడం నేరాలు. గోదావరికి దగ్గరగా ఉన్న అడవిలో కొంత భాగం 2008 నుంచి పాపికొండలు జాతీయ ఉద్యానవనం. అక్కడ నిబంధనలు ఇంకా గట్టివి. మీ మడుగు ఏ పరిధిలోకి వస్తుందో అటవీ శాఖ రేంజి కార్యాలయంలో అడగండి, కాగితం మీదే అడగండి.

అందుచేత మీరు ఏ దారి ఎంచుకున్నా ముందు ఒక పని చేయమంటాను. నవంబరులో ఒక రోజు వెళ్ళి చూసి రండి, ఒంటరిగా కాకుండా ఎవరినైనా తోడు తీసుకుని. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. మీ గూడెం దానికి ఇవతలే అన్నారు కాబట్టి తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. మీ దగ్గర చదువుకున్న పిల్లలకు ఇప్పుడు నలభై అయిదు దాటి ఉంటాయి. వాళ్ళలో ఒకరు దొరికినా మీ పని సగం అయినట్టే. ఊటకు పైపు ఉందేమో చూడండి. ఒక వెదురు గడ తీసుకుని మడుగు లోతు నాలుగైదు చోట్ల కొలిచి కాగితం మీద బొమ్మ గీసుకోండి. ఫోను సిగ్నలు ఎక్కడ ఆగిపోతుందో, మడుగు నుంచి కారు ఆగే చోటికి నడక ఎంతసేపో చూసుకోండి. దెబ్బ తగిలిన పిల్లను ఎత్తుకుని నడిస్తే అంతకు రెండింతలు పడుతుంది. అంత దూరం వెళ్ళాక మడుగు పూడిపోయి, చుట్టూ చెట్లు పోయి, మనసు విరిగే అవకాశమూ ఉంది. మనవల ముందు విరగడం కన్నా నవంబరులో విరగడమే నయం.

ఆ తర్వాత మీ ముందు కొన్ని దారులు ఉంటాయి.

అటవీ శాఖ నడిపే శిబిరంలో ఉండటం అన్నిటికంటే సులువు. మారేడుమిల్లి దగ్గర వాలమూరులో జంగిల్ స్టార్ శిబిరం ఉంది. స్థానిక వన సంరక్షణ సమితి వాళ్ళు చూసుకుంటారు, పక్కనే వాగు ఉంటుంది. అక్కడ బస చేసి, పగటిపూట గూడెం వెళ్ళి, బడి చూపించి, మడుగు చూపించి వెనక్కి రావచ్చు. అనుమతుల బాధ ఉండదు, మీ ఇంటావిడకు మరుగుదొడ్డి ఉంటుంది, కోడలు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పోయేది ఏమిటంటే, అది మీ ఊట కాదు. పక్క బసలో ఎవరో పాటలు పెడతారు. డిసెంబరు చివరి వారంలో ఆ దారంతా తిరునాళ్ళలా ఉంటుంది. బస చాలా ముందుగా ఖాయం చేసుకోకపోతే దొరకదు. వీలైతే క్రిస్మస్ ముందు రోజుల్లోనే వెళ్ళి వచ్చేయండి.

రెండోది, గూడెం వాళ్ళు పిలిస్తే గూడెంలోనే ఉండటం. అడవిలో, మడుగు ఒడ్డున కాకుండా, ఎవరి పెరట్లోనో, కోత అయిన పొలంలోనో వాళ్ళ అనుమతితో టెంట్లు వేసుకోవచ్చు. వంట వాళ్ళ చేత చేయించుకుని డబ్బు ముందుగానే మాట్లాడుకోండి, మొహమాటపెట్టి తక్కువ ఇవ్వకండి. రేంజి కార్యాలయానికి ముందే తెలియజేయాలి. మీరు కోరుకున్నదానికి ఇదే దగ్గరగా ఉంటుంది. కాకపోతే భద్రత భారమంతా మీ మీదే. పాము కాటో, కాలు విరగడమో జరిగితే రంపచోడవరం ఆసుపత్రి దాకా మీరే చేర్చుకోవాలి. సిగ్నలు లేని చోట 108కి ఫోను చేయడమే కష్టం. రాత్రి కట్లపాము నేల మీద పడుకున్నవాళ్ళనే కాటు వేస్తుంది కాబట్టి టెంటు జిప్పు ఎప్పుడూ మూసి ఉండాలి, చెప్పులు దులిపి వేసుకోవాలి. నెగడు వేసేముందు తల పైకెత్తి చెట్టుకు పెద్ద తేనెపట్టు ఉందేమో చూడాలి. పొగ తగిలి అవి లేచాయంటే పారిపోవడానికి మడుగు కూడా పనికిరాదు.

మూడోది మీరు అడిగినది. కోడలిని వదిలేసి, కొడుకును, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోవడం. మీ కొడుకు ఇప్పటికే భార్యకూ తండ్రికీ మధ్య తల్లిని నిలబెట్టి తాను తప్పుకున్నాడు. అతన్ని ఇలా లాక్కెళితే బెంగళూరు తిరిగి వెళ్ళాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీరు ఊహించగలరు. అంతా క్షేమంగా జరిగినా వచ్చే ఏడాది సెలవులకు వాళ్ళు ఎటు వెళతారో చెప్పలేం. ఏదైనా జరిగితే మాత్రం ఆ ఇంట్లో మీరు తలెత్తి ఉండలేరు. వెళ్ళే హక్కు మీకు ఉందా అంటే, తాతకు హక్కులు ఉంటాయి గానీ తల్లి వద్దన్న నీటిలో ఆమె పిల్లల్ని దింపే హక్కు నాకైతే కనిపించడం లేదు.

నాలుగోది ఈ ఏడాది పిల్లల్ని తీసుకెళ్ళకుండా, నవంబరులో మీరూ మీ అబ్బాయీ ఇద్దరే వెళ్ళి రావడం. డిసెంబరులో మనవడికి మీ ఊరి చెరువులోనో, పట్టణంలోని కొలనులోనో ఈత మొదలుపెట్టడం. ఇది వినడానికి ఓడిపోయినట్టు ఉంటుంది. కానీ ఎనిమిదేళ్ళ పిల్లవాడికి తాత నేర్పిన ఈత తాత చూపించిన మడుగు కన్నా ఎక్కువ కాలం పనికొస్తుంది. దీనికీ ఒక ఖర్చు ఉంది. మనవరాలికి పన్నెండు. ఇంకో రెండేళ్ళకు చదువులు, పరీక్షలు, స్నేహితులు. అప్పుడు తాతయ్యతో అడవికి రమ్మంటే వస్తుందో రాదో.

ఎంచుకోవలసింది మీరూ మీ ఇంట్లోవాళ్ళూ. నన్ను అడిగితే మొదటి రెండింటిలో ఒకటి, అదీ నవంబరులో చూసి వచ్చాక.

నీటి దగ్గర ఎవరు ఏం చేయాలో మాత్రం ఇప్పుడే తేల్చుకోండి. నీటి నియమాలు మీ కోడలికి అప్పగించండి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి ఒడ్డున ఫోను లేకుండా, కబుర్లు లేకుండా వాళ్ళనే చూస్తూ ఉండాలి. ఇరవై నిమిషాలకు మనిషి మారాలి. మనవడు లైఫ్ జాకెట్‌తో, చేతికి అందేంత దూరంలో. గాలి ఊదే చేతి బుడగలు ఆటకే గానీ ప్రాణానికి పనికిరావు. కాకినాడ పాపకూ ఇదే లెక్క. తల ముందుకు పెట్టి దూకడం ఎవరికీ లేదు. చీకటి పడ్డాక నీళ్ళు లేవు. ఒడ్డున గట్టి తాడు, దాని చివర మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా. ఎవరైనా తడబడితే ముందు అది విసరాలి, మనిషి దిగకూడదు. ఆ తాడు మీరు పట్టుకోండి. నీటిని చదవడం, మునిగేవాడి ముఖం గుర్తుపట్టడం ఆ తొమ్మిది మందిలో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మరి మీ ఈత? మీ గుండె వైద్యుణ్ణి సూటిగా అడగండి. "కొండ మడుగులో ఈదవచ్చా, ఎంతసేపు, ఎంత చల్లటి నీటిలో" అని. చల్లటి నీటిలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగదన్నుతుంది, రక్తపోటు పెరుగుతుంది. స్టెంటు ఉన్నవారికి అది మంచిది కాదు. రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నారేమో చూసుకోండి. బండ గీసుకున్నా జలగ పట్టినా రక్తం త్వరగా ఆగదు. ఆయన సరేనంటే ఎండ వచ్చాక నెమ్మదిగా, కాళ్ళు, నడుము, భుజాలు తడుపుకుంటూ దిగి, నడుము లోతులో మనవడి చెయ్యి పట్టుకుని నిలబడండి. వద్దంటే పాదాలు నీటిలో పెట్టుకుని కూర్చోండి. మడుగు మీకు కొత్త కాదు, మీరూ మడుగుకు కొత్త కాదు.

కోడలితో మాట్లాడటం గురించి. కొడుకు ద్వారా కబురు పంపకండి. అతను ఇప్పటికే సరిపడా కబుర్లు మోశాడు. మీరే ఫోను చేయండి. క్షమాపణ చెప్పమనడం లేదు, మీ తరం మావయ్యలకు అది ఎంత కష్టమో తెలుసు. ఇలా అనవచ్చు: "అమ్మా, ఆ రోజు నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. ఎవరైనా మునిగితే నేను తీయలేను. అందుకే మునగకుండా చూసే పని నువ్వు చూడు. చోటు చూసే పని నేను చూస్తాను. నేను వెళ్ళి చూసి వచ్చి ఫొటోలు పంపిస్తాను, చూసి నువ్వు వద్దంటే ఈసారికి ఆగుదాం." చివరి వాక్యం మనస్ఫూర్తిగా అనలేకపోతే అనకండి, అని తర్వాత మాట తప్పితే ఇప్పటికన్నా అధ్వాన్నం. ఆమె వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఫొటోలు చూశాక కూడా వద్దనవచ్చు. అప్పుడు నాలుగో దారి ఉంది.

అల్లుడి "ఏర్పాట్లు". ఆ మాటను కొటేషన్లలో పెట్టారు, అర్థమైంది. అల్లుడితో ఇలాంటి విషయం మాట్లాడటం మామగారికి ఇబ్బందే. మీ అమ్మాయి చేత చెప్పించండి. ఇక్కడ నేను దారులు చూపించను. సీసా కారు ఎక్కితే ఆ ప్రయాణంలో ఈత ఉండదు. మధ్యాహ్నం ఒకటి రెండు గ్లాసులు తాగినవాడు ఒడ్డున కాపలా కాయలేడు, నీటిలోకి దిగితే తన సంగతి తానే చూసుకోలేడు. మడుగుల దగ్గర, జలపాతాల దగ్గర పోయేవాళ్ళలో ఎంతమంది ఆ స్థితిలో దిగారో అక్కడి పోలీసు స్టేషనులో అడిగినా చెబుతారు.

ఆఖరుగా ఒకటి, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది. సాయంత్రం పొడుగు చేతుల చొక్కాలు, దోమతెర, దోమల మందు తప్పనిసరి. పొదల్లో ఉండే పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా చలికాలంలో ఉంటుంది. తడి బట్టలు పొదల మీద ఆరేయకండి, ఒంటి మీద చిన్న నల్లటి పొక్కు కనిపిస్తే నిర్లక్ష్యం చేయకండి. మలేరియా జ్వరం దోమ కుట్టిన వారం పది రోజుల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. అప్పటికి పిల్లలు బెంగళూరులో ఉంటారు. అక్కడి డాక్టరు మామూలు జ్వరం అనుకుని మాత్ర ఇచ్చి పంపేస్తే విలువైన రోజులు పోతాయి. వెళ్ళి వచ్చిన నెల రోజుల్లో ఎవరికి జ్వరం వచ్చినా "మేము రంపచోడవరం ఏజెన్సీలో రాత్రులు ఉన్నాం" అని డాక్టరుకు చెప్పి రక్త పరీక్ష చేయించాలి. ఆ తేదీలు ఒక కాగితం మీద రాసి, వాళ్ళు రైలు ఎక్కేటప్పుడు మీ కోడలి చేతికి ఇవ్వండి.